తాకకుండా చూసే పనిముట్టు

రాజమండ్రిలో శ్రావణం వచ్చిందంటే రెండు పనులు కలిసి మొదలవుతాయి. గోదావరి ఎర్రబడుతుంది. శుభలేఖలు వేసే డీటీపీ షాపుల్లో అర్ధరాత్రి దాటినా లైట్లు ఆరవు. అలాంటి ఒక షాపులో, ముహూర్తాలు ముంచుకొస్తున్న వారంలో, కంప్యూటరు మొరాయించింది. పేజీ తెరవడానికి రెండు నిమిషాలు, అందులో వినాయకుడి బొమ్మ పెట్టడానికి ఇంకో రెండు నిమిషాలు. ప్రింటు ఇస్తే తెర తెల్లబడి అలాగే ఉండిపోతోంది. షాపాయన నాకు పాత స్నేహితుడు. ఇలాంటి రోగాలకి ఆయనకి తెలిసిన మందు ఒక్కటే. "ఫార్మాట్ కొట్టించేద్దామండి, పీడా పోతుంది" అన్నాడు. ఫార్మాట్ కొట్టడం తేలికే. ఆ తర్వాత అను ఫాంట్లు, పేజ్‌మేకరు, ప్రింటరు సెట్టింగులు అన్నీ మళ్లీ ఎక్కించుకోవాలి. మొత్తం రెండు రోజుల పని.

మరమ్మతుకి వచ్చిన కుర్రాడు ఫార్మాట్ మాట ఎత్తలేదు. స్క్రూడ్రైవరు కూడా సంచిలోంచి తీయలేదు. విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కి, ఎడమ మూలన తెరుచుకున్న చిన్న పెట్టెలో ఎంఎస్‌ఇన్‌ఫో32 అని కొట్టాడు. "ముందు దీన్నడుగుదాం బాబాయ్ గారూ" అన్నాడు. ఏళ్ల తరబడి విండోస్ వాడుతూ ఆ కిటికీని నేను సరిగా చూసింది ఆ రాత్రే. తర్వాత ఇంటికొచ్చి నా కంప్యూటర్లో దాన్ని గది గదీ తిరిగి చూశాను.

దాని అసలు పేరు సిస్టమ్ ఇన్ఫర్మేషన్. పిలిచే పేరు, ఆంగ్లంలో రాస్తే, సరిగ్గా ఎనిమిది గుర్తులు. డాస్ రోజుల్లో ఫైలు పేరుకి ఎనిమిదే హద్దు. ఈ పనిముట్టు మూలం కూడా ఆ రోజుల్లోనే ఉంది. 1992 నాటి విండోస్ 3.1తోనూ, మరుసటి ఏడు ఎంఎస్-డాస్ 6తోనూ ఎంఎస్‌డి అనే చిన్న ప్రోగ్రాం వచ్చేది. నీలం తెర మీద మెమరీ ఎంత, పోర్టులెన్ని, మౌస్ ఏది అని గళ్లు గళ్లుగా చూపించేది. విండోస్ 98 నాటికి ఆ స్థానంలో ఇప్పటి కిటికీ కుదురుకుంది. ఆ తర్వాత విండోస్ ముఖం ఎన్నిసార్లు మారిందో లెక్కలేదు గానీ, ఈ కిటికీ మాత్రం తాతగారి బోషాణంలాగా అదే ఆకారంలో ఉంది. నాకు అందులో తప్పేం కనబడదు.

కిటికీలో భాగాలు మూడే. ఎడమ పక్క ఒక చెట్టు, కుడి పక్క ఒక పట్టిక, అడుగున వెతుకులాట గడి. చెట్టు మొదట్లో సిస్టమ్ సమ్మరీ ఉంటుంది. దాని కింద మూడు కొమ్మలు. మొదటిది హార్డ్‌వేర్ రిసోర్సెస్, అంటే యంత్రంలోని వస్తువులు పంచుకునే దారులు. రెండోది కాంపోనెంట్స్, ఆ వస్తువులు. మూడోది సాఫ్ట్‌వేర్ ఎన్విరాన్‌మెంట్, వాటి మీద నడుస్తున్న ప్రోగ్రాములు. ఈ వరసని తీరిగ్గా ఆలోచించి పెట్టారు. వీధులు, ఇళ్లు, ఇళ్లలో మనుషులు అన్నట్టుంది. కొమ్మ పక్కనున్న కూడిక గుర్తు నొక్కితే రెమ్మలు విచ్చుకుంటాయి, రెమ్మ నొక్కితే కుడి పక్క పట్టిక నిండుతుంది.

ఇన్ని పట్టికలున్న ఈ కిటికీలో మార్చడానికి ఒక్క మీట కూడా లేదు. డివైస్ మేనేజర్లో డ్రైవరు తీసేయొచ్చు, పరికరాన్ని ఆపేయొచ్చు. రిజిస్ట్రీలో అయితే ఒక్క అంకె తప్పు కొట్టి యంత్రాన్ని పడుకోబెట్టేయొచ్చు. ఇక్కడ ఎక్కడ నొక్కినా ఏమీ చెడదు. చూడొచ్చు, వెతకొచ్చు, అచ్చు వేసుకోవచ్చు, దాచుకోవచ్చు, అంతే.

షాపు గోడ మీద టీవీలో అప్పుడే ధవళేశ్వరం నీటిమట్టం స్క్రోలింగ్ వెళుతోంది. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. డెల్టాలో పెరిగినవాళ్లకి ఈ మూడంకెలూ ఎక్కాల్లాగా వస్తాయి. అక్కడి బ్యారేజీకి 175 గేట్లున్నాయి. ప్రతి గేటూ నీటిని ఆపగలదు, వదలగలదు. నీటిమట్టం చూపించే గేజి ఏమీ చేయలేదు. అయినా గేట్ల మీద చెయ్యి వేసేవాళ్లు ముందు చూసేది దాని వంకే.

సరే, సిస్టమ్ సమ్మరీ దగ్గరికి వద్దాం. ఇది ఒకే పొడవాటి పట్టిక. ఒక గడిలో అంశం, పక్క గడిలో విలువ. విండోస్ ఏ వెర్షను, ఏ బిల్డు, ప్రాసెసరు పేరు, బయాస్ తేదీ, మదర్‌బోర్డు పేరు వరసగా వస్తాయి. ఇవన్నీ ఒకే గొంతుతో చెప్పినట్టు కనిపిస్తాయి. కానీ ఒక్కో వరస వెనకా ఒక్కో సాక్షి ఉన్నాడు. మదర్‌బోర్డు మీది చిప్‌లో, ఫ్యాక్టరీలోనే రాసిపెట్టిన ఎస్ఎంబయాస్ అనే పట్టీ ఒకటుంటుంది. తయారీదారు పేరు, మోడలు, బోర్డు పేరు అక్కడి నుంచే వస్తాయి. విండోస్ వెర్షను, ఖాళీగా ఉన్న మెమరీ లాంటివి విండోస్ తన లెక్క ప్రకారం చెప్తుంది. పరికరాల సంగతి వాటి డ్రైవర్లు చెప్తాయి. ఈ సాక్షులందరినీ పిలిచి, ఒకే భాషలో మాట్లాడించి, జవాబులు తెచ్చిచ్చే మధ్యవర్తి పేరు విండోస్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్ట్రుమెంటేషన్, పొట్టిగా డబ్ల్యూఎంఐ. మన కిటికీకి సొంత జ్ఞానం చాలా తక్కువ. అది ప్రశ్న వేస్తుంది, డబ్ల్యూఎంఐ జవాబు తెస్తుంది. ఆ మధ్యవర్తి దెబ్బతిన్న రోజున కిటికీ పాత అంకెలు పెట్టి నెట్టుకురాదు. సమాచారం సేకరించలేకపోతున్నానని ఒప్పుకుని ఊరుకుంటుంది. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

మన వైపు షాపుల్లో చాలా యంత్రాలు విడిభాగాలు కొని బిగించిన అసెంబుల్డ్ డబ్బాలే కదా. వాటిల్లో ఒక తమాషా కనిపిస్తుంది. సిస్టమ్ తయారీదారు అన్న చోట చాలాసార్లు కంపెనీ పేరుండదు. "టు బి ఫిల్డ్ బై ఓఈఎం" అని ఉంటుంది. యంత్రాన్ని తయారుచేసినవాళ్లు ఇక్కడ పేరు నింపాలి అని బోర్డు కంపెనీ వదిలిన గడి అది. బిగించిన కుర్రాడు ఎందుకు నింపుతాడు? దాన్ని చూసి ఇదేదో వైరస్ అని హడలిపోయినవాళ్లు నాకు తెలుసు. అది ఖాళీ దరఖాస్తు గడి మాత్రమే. దాని కిందే బేస్‌బోర్డ్ ప్రోడక్ట్ అన్న వరసలో బోర్డు అసలు పేరు సాధారణంగా దొరుకుతుంది. సరైన డ్రైవరు వెతుక్కోవడానికి కావలసింది ఆ పేరే.

కుర్రాడి వేలు మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా పట్టిక అడుక్కి పోయింది. అక్కడ మెమరీ గురించి ఒకదాని కింద ఒకటి వరసలుంటాయి. ఇన్‌స్టాల్డ్ ఫిజికల్ మెమరీ, టోటల్ ఫిజికల్ మెమరీ, అవైలబుల్ ఫిజికల్ మెమరీ. రోజూ వాడేవాళ్లకి మూడూ ఒకటే అనిపిస్తుంది. మొదటిది బోర్డు మాట: నా స్లాట్లలో ఇంత మెమరీ గుచ్చి ఉంది. రెండోది విండోస్ మాట: అందులో నా చేతికి ఇంత వచ్చింది. మూడోది ఈ క్షణంలో ఖాళీగా ఉన్నది. మొదటి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే, డబ్బా విప్పకుండానే జబ్బు ఏ వైపుందో తెలిసిపోతుంది.

మొదటి అంకె 4 జీబీ, రెండోది 3 జీబీ చిల్లర అనుకోండి. అప్పుడు మెమరీ కర్రలు క్షేమం. తగ్గింది విండోస్ వైపు. పైన సిస్టమ్ టైప్ అన్న వరసలో ఎక్స్86 అని ఉంటే కారణం అక్కడే దొరికింది. 32 బిట్ల విండోస్‌కి మొత్తం చిరునామాలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. ఒక్కో బైటుకి ఒక్కో చిరునామా, అంటే సరిగ్గా 4 జీబీ. ఆ చిరునామాల్లోనే గ్రాఫిక్ కార్డుకీ మిగతా పరికరాలకీ కూడా వాటా ఇవ్వాలి. వాళ్ల వాటా పోగా మిగిలిందే మెమరీకి. కర్ర ఉంది, దానికి ఇంటి నంబరు లేదు. ఇలాంటి యంత్రంలో ఇంకో కర్ర కొని గుచ్చినా దండగే.

ఆ షాపు యంత్రం కథ వేరు. ఆయన పోయిన ఏడు రెండు కర్రలు వేయించాడు, నాలుగూ నాలుగూ ఎనిమిది. తెర మీద ఇన్‌స్టాల్డ్ అన్న వరసలోనే 4.00 జీబీ అని ఉంది. అంటే రెండో కర్రని బోర్డే చూడలేదు. విండోస్‌కి దీంతో సంబంధమే లేదు. ఫార్మాట్ పదిసార్లు కొట్టినా ఆ నాలుగు ఎనిమిది కాదు. కుర్రాడు అప్పుడు సంచిలోంచి స్క్రూడ్రైవరు తీశాడు. దాంతోపాటు స్కూలు పిల్లలు వాడే తెల్ల రబ్బరు కూడా. డెల్టాలో తేమ సంగతి చెప్పక్కర్లేదు. కర్ర అంచున ఉండే బంగారు పూత పళ్ల మీద కంటికి కనపడని పొర కడుతుంది. కరెంటు తీసి, కర్రని ఊడదీసి, ఆ పళ్లని రబ్బరుతో మెల్లిగా రుద్ది, పొడి ఊది, రెండు చివరలా టక్కుమనేదాకా నొక్కాడు. మళ్లీ కిటికీ తెరిచేసరికి 8.00 జీబీ. పేజీలు లేచి పరుగెత్తాయి.

ప్రింటు దగ్గర తెల్లబడడం మాత్రం తగ్గలేదు. ఆ పని తర్వాత చెప్తాను. ముందు ఆ దారిలో ఉన్న గదులు చూద్దాం.

హార్డ్‌వేర్ రిసోర్సెస్ కొమ్మలో ఐఆర్‌క్యూలు అని ఒక రెమ్మ ఉంటుంది. కీబోర్డు మీద అక్షరం నొక్కగానే, చేస్తున్న పని ఆపి నా వంక చూడు అని ప్రాసెసర్ని పిలిచే తలుపు గంట ఐఆర్‌క్యూ. పాత ఏటీ యంత్రాల్లో అలాంటి గంటలు 16, సున్నా నుంచి 15 వరకు. సున్నా గడియారానిది, ఒకటి కీబోర్డుది. కామ్1, కామ్3 పోర్టులు రెండిటికీ నాలుగో గంటే. అందుకే ఆ రోజుల్లో మౌస్ ఒకదానికీ మోడెమ్ ఇంకోదానికీ తగిలిస్తే, ఇంటర్నెట్ కలవగానే మౌస్ కొయ్యబారిపోయేది. తొంభైల్లో మెకానిక్కుల సగం జీవితం ఈ గంటల తగువులు తీర్చడంలోనే గడిచింది. ఇప్పుడు పరికరాలు గంటలు పంచుకోవడం నేర్చుకున్నాయి. కానీ అదే కొమ్మలో ఇంకో రెమ్మ పేరు ఇంకా కాన్‌ఫ్లిక్ట్స్, షేరింగ్ అని కలిపే ఉంది. అందులో రెండు పేర్లు ఒకే గంట కింద కనిపిస్తే కొత్తవాళ్లు తగువనుకుంటారు. ఎక్కువసార్లు అది కాపురమే. ఆ రెండు మాటల్నీ ఒకే గుమ్మానికి తగిలించడం మంచి పని కాదని నా అభిప్రాయం.

ఐఆర్‌క్యూల పట్టికలో ఇంకో వింత. ఐఆర్‌క్యూ 4294967294 లాంటి అంకెలు కనిపిస్తాయి. పదహారు గంటల ఇంట్లో ఇన్ని కోట్ల గంటలెక్కడివి? అది నిజానికి మైనస్ రెండు. కొత్త పరికరాలు గంట తీగ లాగకుండా మెమరీలోకి చిన్న సందేశం రాసి పిలుస్తాయి. తీగ లేని పిలుపులకి విండోస్ రుణ సంఖ్యలు పెట్టింది. రుణ గుర్తు చూపించలేని పట్టిక దాన్ని 429 కోట్ల కొన నుంచి వెనక్కి లెక్కపెట్టి రాసింది. ఇందాక మెమరీ చిరునామాల దగ్గర చూసిన అంకెలోంచి రెండు తీసేస్తే ఇదే వస్తుంది.

కాంపోనెంట్స్‌లో డిస్కుల రెమ్మ ఇంకా సరదాగా ఉంటుంది. 500 జీబీ డిస్కు కొంటే ఇక్కడ 465.76 అని పడుతుంది. మోసపోయామని షాపు మీదికి వెళ్లేవాళ్లుంటారు. డిస్కు చేసినవాడి జీబీ వంద కోట్ల బైట్లు, విండోస్ జీబీ 107 కోట్ల 37 లక్షల పైచిలుకు. ఈ ఊరి కుంచం పొరుగూరి కుంచంతో సరిపోనట్టే. అక్కడితో ఆగకుండా పక్క బ్రాకెట్లోని బైట్లు చూడండి: 5,00,10,52,49,280. కానీ 500 జీబీ డిస్కుల్లో మామూలుగా ఉండే అసలు బైట్లు 5,00,10,78,62,016. 26,12,736 బైట్లు ఏమయ్యాయి? జవాబు అదే పట్టికలో ఉంది. సిలిండర్లు 60,801, సిలిండరుకి ట్రాకులు 255, ట్రాకుకి సెక్టార్లు 63, సెక్టారుకి బైట్లు 512. నాలుగూ గుణిస్తే మొదటి అంకె సరిగ్గా వస్తుంది. పాత బయాస్ కాలపు కొలబద్దతో నిండు సిలిండర్లు మాత్రమే లెక్కపెట్టి, చివర మిగిలిన అర సిలిండరు కూడా కాని ముక్కని వదిలేశారు. ఈ 255 ట్రాకులు తిరిగే పళ్లెం అనేదే లేని ఎస్ఎస్‌డీకి కూడా కనిపిస్తాయి! సాక్షి ఎవరో తెలియకుండా ఏ అంకెనీ నమ్మకూడదనడానికి ఇంతకంటే మంచి గది ఈ ఇంట్లో ఇంకోటి లేదు.

ప్రాబ్లమ్ డివైసెస్ రెమ్మ ఖాళీగా ఉంటే సంతోషించాలి. ఏదైనా ఉంటే మూడు గళ్లుంటాయి: పరికరం, దాని గుర్తింపు, లోపం కోడు. 28 అంటే డ్రైవరు లేదు, 22 అంటే ఎవరో ఆపేశారు, 10 అంటే మొదలవలేకపోయింది, 43 అంటే పరికరమే తనకి బాగాలేదని చెప్పుకుంది. ఒక్కోసారి పరికరం పేరే తెలియదు. అప్పుడు మధ్య గడి ఆదుకుంటుంది. అందులో వీఈఎన్ అన్న మూడక్షరాల తర్వాత నాలుగు గుర్తులుంటాయి. తయారుచేసిన కంపెనీ సంఖ్య అది. 10ఈసీ అంటే రియల్‌టెక్, 10డీఈ అంటే ఎన్‌విడియా. ఇంటెల్ సంఖ్య 8086. ఆ కంపెనీ 1978లో తెచ్చిన, ఈ వంశానికంతటికీ మూలపురుషుడైన ప్రాసెసరు పేరు కూడా 8086. పట్టికలో ఇంటిపేరు గడిలో తాత పేరు రాసుకున్నారన్నమాట.

ఇక మన ప్రింటు సంగతి. మూడో కొమ్మలో అన్నిటికంటే కింద విండోస్ ఎర్రర్ రిపోర్టింగ్ ఉంటుంది. ఏ ప్రోగ్రాం ఏ తేదీన, ఏ వేళకి కూలిందో, కూలినప్పుడు దాని కాలు ఏ ఫైలు మీద ఉందో ఒక్కో వరసలో రాసి ఉంటుంది. కుర్రాడు ఆ వరసలన్నీ చదివాడు. కూలింది రకరకాల ప్రోగ్రాములు, తప్పు చేసిన మాడ్యూలు పేరు మాత్రం ప్రతిసారీ ఒకటే. లోపం కోడు చివర సి0000005. తనది కాని మెమరీలో కాలు పెట్టినప్పుడు పడే కోడది. ఆ మాడ్యూలు పేరు పట్టుకుని లోడెడ్ మాడ్యూల్స్ రెమ్మలో చూస్తే, దాని దారి ప్రింటరు డ్రైవర్ల సంచికి వెళ్లింది. తేదీ పదేళ్ల కిందటిది. షాపాయన ప్రింటరు మార్చాడు గానీ పాత దాని డ్రైవరు తీయించలేదు. దాన్ని ఊడబెరికేశాక తెర తెల్లబడలేదు. ఊడబెరకడం, మళ్లీ చెప్తున్నాను, ఈ కిటికీలో జరగలేదు. దానికి వేరే చోటుంది.

దీనికి చేతకానివీ ఉన్నాయి. ప్రాసెసరు ఎంత వేడెక్కిందో చెప్పదు. రోహిణి కార్తెలో రాజమండ్రి షాపుల్లో కావలసింది మొదట అదే. డిస్కు ఆయుష్షు చెప్పదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయాక చాలామంది ఈ కిటికీ తెరిచి బయాస్ మోడ్‌లో యూఈఎఫ్ఐ ఉందా లెగసీ ఉందా, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందా అని చూసుకున్నారు. ఆ రెండూ ఇక్కడ దొరుకుతాయి. విండోస్ 11 అడిగే మూడోది, టీపీఎం 2.0, దానికోసం మాత్రం వేరే తలుపు తట్టాలి. అడుగునున్న వెతుకులాట గడి కూడా నత్తనడక.

దూరం నుంచి మరమ్మతు చేసేవాళ్లకి దీనంత ఉపకారం చేసేది ఇంకోటి లేదు. అమలాపురంలో నాన్నగారి కంప్యూటరు, డల్లాస్‌లో కొడుకు. "బోర్డు ఏంటి నాన్నా?" అంటే "నల్లగా ఉందిరా" అన్న జవాబొచ్చే ఫోన్లు ప్రతి ఇంట్లో ఉంటాయి. ఫైల్ మెనూలో సేవ్ నొక్కితే అన్ని గదుల సమాచారం ఒకే ఎన్ఎఫ్ఓ ఫైల్లోకి వస్తుంది. లోపల ఉండేది ఎక్స్‌ఎంఎల్ రాత. డల్లాస్‌లో దాన్ని తెరిస్తే అదే చెట్టు, అదే పట్టికలు, నాన్నగారి యంత్రం ఎదురుగా ఉన్నట్టే. ఎక్స్‌పోర్ట్ అంటే మామూలు టెక్స్ట్ ఫైలుగా ఇస్తుంది. అందులో యూజరు పేరు, నడుస్తున్న ప్రోగ్రాములు అన్నీ ఉంటాయి కాబట్టి ఊరూ పేరూ తెలియనివాడు అడిగితే పంపకూడదు.

ఆ రాత్రి కుర్రాడు రెండు టెక్స్ట్ ఫైళ్లు దాచాడు. ఒకటి డబ్బా విప్పకముందు, ఇంకోటి పని అయ్యాక. రెండిటినీ ఎఫ్‌సీ అనే పాత డాస్ ఆదేశంతో పోల్చి చూపించాడు. తేడాలున్న చోట్లు మాత్రమే తెర మీద పడ్డాయి. ఖాళీ మెమరీ లాంటివి క్షణక్షణం మారేవే కదా, వాటిని వేలితో దాటేసి ఒక వరస దగ్గర ఆగాడు. పైన 4.00, కింద 8.00. రెండో ఫైలుకి ఆ రోజు తేదీ పేరు పెట్టి డి డ్రైవులో వేశాడు. "ఈసారి మొండికేస్తే దీంతో పోల్చండి బాబాయ్ గారూ, నన్ను తర్వాత పిలుద్దురు గాని" అని సంచి సర్దుకున్నాడు. షాపాయన అప్పటికే ప్రింటు ఇచ్చేశాడు. మొదటి శుభలేఖ, పసుపు రంగు కాస్త ఎక్కువై, బయటికొస్తోంది.